పలక కంటే ముందు పిండిముద్ద

సంచికకు ఏదన్నా రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "దేన్ని గురించి రాయమంటారు?" అని వాళ్లనే తిరిగి అడిగాను. "మీ ఇష్టం, కవిత అయినా ఫరవాలేదు" అన్నారు. కవిత్వం నా వల్ల కాదు. దేశ పరిస్థితుల మీద రాయటానికి మన కాలేజీలో నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు. అంచేత నాకు స్వయంగా అనుభవంలోకి వచ్చిన ఒక చిన్న సంగతి రాస్తున్నాను. శీర్షిక చూసి "ఇదేదో వంటల వ్యాసం" అని కొందరు పేజీ తిప్పేస్తారని తెలుసు. తిప్పేముందు కాస్త ఓపిక పట్టమని మనవి.

మాది రావిర్యాల. హాస్టల్లో చేరిన కొత్తలో ఊరి పేరు చెప్పగానే "వండర్‌లా ఉన్న ఊరేనా?" అని అడిగేవారు. 2016 లో ఆ వినోద కేంద్రం వచ్చిన దగ్గర్నుంచి మా ఊరికి అదే విలాసమైపోయింది. అంతకుముందు, 2008 లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర అని చెప్పుకునేవాళ్లం. మా నాయనమ్మ కాలంలో మటుకు రావిర్యాల అంటే చెరువే. ఈ మూడు విలాసాల్లో నా కథకు పనికివచ్చేది ఆ చివరిదే. ఎలాగో తర్వాత చెబుతాను.

చదువులో భాగంగా పదిహేను రోజులపాటు చిన్నపిల్లల కేంద్రం ఒకదానికి వెళ్లి, పిల్లల్ని గమనించి నివేదిక రాయవలసి వచ్చింది. ఎక్కడికో ఎందుకని, సంక్రాంతి వెళ్లిన తర్వాత ఫిబ్రవరిలో మా ఇంటికి దగ్గరలో ఉన్న అంగన్‌వాడీకే వెళ్లాను. ఒక టీచరమ్మ, ఒక ఆయమ్మ, పద్దెనిమిది మంది పిల్లలు. ఆయమ్మ వయసులో పెద్దది. నేను గౌను వేసుకున్న రోజులనుంచీ ఎరిగిన మనిషి, అవ్వా అని పిలుస్తాను.

మొదటిరోజే ఒక తల్లి వచ్చింది. విమానాశ్రయం వైపు ఏదో కాంట్రాక్టులో ఊడ్చే పనికి పోతుంది. నాలుగున్నరేళ్ల కొడుకును చెయ్యి పట్టుకు లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది. "చెల్లె, నువ్వు పెద్ద సదువు సదువుతున్నవంట గదా. వీనికి పదిహేను దినాల్ల అ ఆ లు, ఏబీసీడీలు రాసుడు నేర్పియ్యి. బళ్లె చేర్పియ్యనీకి తోల్కపోతే పెన్సిలిచ్చి రాయమన్నరు. వీడు రాయలే. రాసుడొస్తెనే ఎల్‌కేజీల తీసుకుంటరంట" అన్నది. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. అలాంటి బళ్లు మనకు కొత్తేం కాదు.

నేను ఎంత గర్వంగా తల ఊపానో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. పదిహేను రోజులెందుకు, వారం చాలనుకున్నాను. కొత్త పలక కొన్నాను. పిల్లవాడి పిడికిలి నా పిడికిట్లో పెట్టుకుని "అ" దిద్దించాను. వాడు బలపాన్ని, ఊరిబయట రోకలి పట్టినట్టు, గుప్పిటతో పట్టేవాడు. రెండు గీతలకే బలపం విరిగేది. మూడోరోజుకు నన్ను చూస్తే చాలు, బియ్యం డబ్బా వెనక్కి పోయి కూర్చోవటం మొదలుపెట్టాడు. ఇంటి దగ్గర రాత్రిపూట తల్లి కూడా పలక ముందేసుకుని కొడుతున్నదని ఆయమ్మ చెప్పింది. అంటే పగలు నేను, రాత్రి తల్లి. ఇద్దరం కలిసి ఆ పసివాణ్ణి ఒక అక్షరం కోసం వేటాడుతున్నామన్నమాట.

ఆ రాత్రి క్లాసులో రాసుకున్న నోట్సు తీసి చూశాను. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డకు అవి ఎముకలుగా ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడతాయి. నాలుగేళ్ల పిల్లలకు వాటిలో సుమారు సగమే ఎముకలై ఉంటాయి. చివరిది గట్టిపడేసరికి సాధారణంగా ఎనిమిదేళ్లు దాటుతాయి. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ సంగతి ఎదుట కూర్చున్న పిల్లవాడి చేతికి సంబంధించిందని నాకు తట్టలేదు! బలపం పట్టటానికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ కలిసి పనిచెయ్యాలి. ఆ వేళ్లకు బలం రావాలంటే ముందు వాటికి తగిన పని దొరకాలి. నలపటం, నొక్కటం, గిల్లటం, చుట్టటం, అదీ ఆ పని. మా నోట్సులో దానికి రాసివున్న సాధనం పిండిముద్ద.

పట్నంలో బొమ్మల దుకాణాల్లో రంగురంగుల డబ్బాల్లో అమ్మే ముద్దకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. అమెరికాలో సిన్సినాటి నగరంలో ఒక కంపెనీ గోడకాగితాలకు పట్టిన బొగ్గుమసి తుడవటానికి మెత్తని ముద్ద ఒకటి తయారుచేసేది. ఇళ్లలో బొగ్గుపొయ్యిలు పోయేసరికి మసి పోయింది, మసితోపాటు బేరమూ పోయింది. ఆ సమయంలో కే జూఫాల్ అనే నర్సరీ పంతులమ్మ ఆ ముద్దను తన పిల్లలకిచ్చి బొమ్మలు చేయించి చూసింది. ఆ కంపెనీ మనిషి జో మెక్‌వికర్ ఆమెకు బంధువే. ఆ విధంగా 1956 లో అది "ప్లే-డో" అనే పేరుతో ఆటవస్తువై బజారుకెక్కింది. మసి తుడిచే వస్తువులో పాఠం ఉన్నదని కనిపెట్టింది ఒక పంతులమ్మ కావటం గమనించవలసిన విషయం.

సరే, అంత ఖరీదు పెట్టే స్తోమత నాకు లేదు. కిరాణా కొట్లో మైదా కొన్నాను. రెండు గ్లాసుల మైదాకు ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు వేసి, గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసికాను. ఉప్పు ఉండటంవల్ల త్వరగా చెడిపోదు. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే చాలారోజులు ఉంటుంది. మర్నాడు తలా ఒక ముద్ద ఇచ్చాను. పద్దెనిమిది మందీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. బియ్యం డబ్బా వెనకనుంచి మావాడు కూడా మెల్లిగా బయటికొచ్చాడు. చేతులకు సబ్బు నురగ ఇంకా అంటుకుని ఉన్న ఒక పిల్ల ముద్ద పట్టుకోగానే అది ఎర్రబడింది. పసుపుకు సబ్బు తగిలితే పారాణి రంగు వస్తుందని మనకు తెలుసు. వాళ్లకది ఇంద్రజాలం. తక్కిన పదిహేడు మందీ సబ్బు దగ్గరికి పరుగెత్తారు.

నేను గెలిచాననే అనుకున్నాను. ఆయమ్మ గడపలో నిలబడి చూస్తున్నది. ముఖం ప్రసన్నంగా లేదు.

"గిదేంది బిడ్డా? తినే పిండిని కింద పారేసి ఆడిపిస్తున్నవ్?" అన్నది.

ఆట ద్వారా విద్య అని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. "మా సిన్నతనంల గింత గట్క దొరికితే గదే పండుగ. పిండి కిందవడితే కండ్లకద్దుకుని ఏరుకునేటోళ్లం. గీ పోరగాళ్లు రేపు ఇంట్ల రొట్టెల పిండి గిట్లనే పారేస్తె వాళ్ల తల్లులు ఊకుంటరా?" అన్నది. అప్పటికే ఇద్దరు పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పుకు ముఖం వికారంగా పెట్టారు. ఉప్పు అంత ఎక్కువగా కడుపులోకి పోతే పిల్లలకు మంచిది కాదు కూడాను. వాళ్ల నోళ్లు కడిగించి, పిండంతా డబ్బాలోకి ఎత్తేశాను. పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. ఆ పుస్తకం రాసినవాళ్లకు పిండి కొరత అంటే తెలియదేమో.

సాయంత్రం ఇంటికి పోతూ ఆయమ్మ నన్ను పిలిచింది. "నీకు మెత్తటి ముద్దనే గావాల్నంటె పిండెందుకు? చెర్ల మన్ను లేదా? మేము బొడ్డెమ్మను దేనితోని జేసినం?" అన్నది.

బొడ్డెమ్మ అంటే తెలియని మిత్రులకోసం ఒక మాట. బతుకమ్మకు ముందు, భాద్రపద మాసం చివర్లో, పెళ్లికాని ఆడపిల్లలు ఆడుకునే పండుగ అది. తడిపిన మన్నుతో పీట మీద మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడతారు. నేనూ చిన్నప్పుడు ఆడాను. ఆ మన్ను నా చేతులకూ అంటింది. కాని అది చదువులో భాగమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు. మా బొడ్డెమ్మ మన్ను వచ్చేది ఆ చెరువునుంచే. మొదట్లో చెబుతానన్నది ఇదే.

ఆయమ్మే నాకు గురువైంది. నీళ్లు వెనక్కి తీసిన చోట పైపొర తీసేసి లోపలి జిగట మన్ను తవ్వించింది. ఎండబెట్టి, దంచి, గాజుపెంకులూ రాళ్లూ లేకుండా జల్లెడ పట్టించింది. రాత్రంతా నానబెట్టి, పొద్దున కాళ్లతో తొక్కి, చేతులతో పిసికి, తడిగుడ్డ కప్పింది. "చేతికి అంటకుండ, పగలకుండ ఉండాలె. గదే లెక్క" అన్నది. ఆట కాగానే సబ్బుతో చేతులు కడగాలన్న నియమం మాత్రం టీచరమ్మ పెట్టింది.

ఏం చేసినా చెయ్యండని వదిలేస్తే, మొదటిరోజు సగంమంది విమానాలు చేశారు. మా ఊళ్లో అవి తల మీదుగా పోతూనే ఉంటాయి మరి. తక్కినవాళ్లు రొట్టెలు, పాములు. నేను దేనికీ అడ్డం చెప్పకుండా మాటలు మాత్రం కలిపాను. నీ పాము పొడుగా, వాడి పాము పొడుగా? లావుదేది, సన్నదేది? అయిదు లడ్డూలు చేస్తే అవ్వకొకటి పోగా ఎన్ని మిగులుతాయి? గిల్లి చిన్నచిన్న ఉండలు చెయ్యి, ఒక్కో గింజను ఒక్కో ఉండలో గుచ్చు. ఇంతే. లెక్కలూ అవే, భాషా అదే, వేళ్లకు కసరత్తూ అదే. ఒడిశానుంచి పనికొచ్చిన కుటుంబం పిల్ల ఒకతె అంతవరకు నోరు విప్పనిది, "పొడుగు" అనే మాట మొదటిసారి అన్నది మట్టిపామును చూపించే.

ఒకరోజు పుస్తకంలోని పరీక్ష చేసి చూడాలని బుద్ధిపుట్టింది. స్విట్జర్లాండు పండితుడు జాన్ పియాజే (1896–1980) చేసినది. రెండు సమానమైన ఉండలు చేసి మావాడి ముందు పెట్టాను. రెండూ సమానమేనని వాడు ఒప్పుకున్నాడు. వాడు చూస్తుండగానే ఒక ఉండను రొట్టెలా ఒత్తి, "ఇప్పుడు దేంట్లో మన్ను ఎక్కువ?" అని అడిగాను. తడుముకోకుండా రొట్టెను చూపించి "గిది పెద్దగున్నది" అన్నాడు. ఆకారం మారినా పరిమాణం మారదనే జ్ఞానం సుమారు ఏడేళ్ల వయసులో గాని రాదని పియాజే చెప్పాడు. నేను సంతోషంగా నోట్సులో రాసుకుంటున్నాను.

పక్కన కూరగాయలు తరుగుతున్న ఆయమ్మ నవ్వింది. "గది మాకెప్పుడో ఎర్క. పిండి తక్కువున్ననాడు పల్చగ, పెద్దగ రొట్టె కొట్టి పోరగాళ్లకు పెట్టేటోళ్లం. మస్తు పెట్టిన్రనుకుని తినేటోళ్లు" అన్నది.

నా కలం ఆగిపోయింది. ఒక మహాపండితుడు ప్రయోగాలు చేసి తేల్చిన సంగతి, మా ఊరి తల్లులకు పొయ్యి ముందు తెలిసింది. వాళ్లు ఎందుకు తెలుసుకోవలసి వచ్చిందో ఆలోచిస్తే, పిండి కింద పడితే ఆమెకు అంత కోపం ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. నేను ఆమెను చదువురాని మనిషి అనుకున్నాను. సంతకం పెట్టటం రాకపోవటానికీ చదువు రాకపోవటానికీ తేడా ఉన్నదని ఆ పూట గ్రహించాను. మెక్సికోలో కుమ్మరివాళ్ల పిల్లల్ని పరిశీలించి 1969 లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మన్నుతో పనిచేసే ఆ పిల్లలకు ఈ జ్ఞానం తక్కిన పిల్లలకంటే ముందుగా ఉన్నదని తేలింది. చేతులు నేర్చుకున్నది తలకు ఎక్కుతుందనటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పదోరోజున మావాడు పొడుగాటి పాము చేసి, రెండు కొసలూ కలిపి ఉంగరంలా చుట్టాడు. "ఇది సున్న" అన్నాను. దాని నెత్తిన చిన్న తలకట్టు ముక్క పెట్టి "ఇప్పుడు ఇది ర" అన్నాను. వాడు దానివంక కాసేపు చూసి, "రొట్టెల ర నా?" అన్నాడు. "అవును, రావిర్యాలలో ర కూడా" అన్నాను. వాడు ఆ పూట ఏడు "ర" లు చేసి వరసగా గోడవారన పెట్టాడు. మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండటం మట్టిపాములకు ఎంత అనువో అప్పుడు గమనించాను. గీతగీయటానికి కష్టమైన వంపులన్నీ చుట్టటానికి సుళువు.

సరిగ్గా అప్పుడే తల్లి వచ్చింది. డ్యూటీ మారిందట, పెందలాడే వచ్చింది. కొడుకు మోచేతుల దాకా మన్ను. ఆమె ముఖం మాడిపోయింది. "రాసుడు నేర్పియ్యమంటే మన్నుల ఆడిపిస్తున్నవా చెల్లె? మన్ను పిసుకుడేందో మాకు రాదా? మన్ను పిసికే బతుకు వద్దనే గదా వీన్ని బడికి పంపుడు" అన్నది.

మిత్రులారా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పటం సులభం కాదు. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉన్నది. పలక అంటే ఆమెకు వట్టి పలక కాదు, తాను దాటలేకపోయిన గడప. నేను ఎముకల సంగతీ పియాజే సంగతీ ఎత్తలేదు. గోడవారన ఉన్న "ర" లు చూపించాను. తర్వాత, "అక్కా, సంక్రాంతికి సకినాలు చేసినవా?" అని అడిగాను. చేసిందట. "మొదటిసారే చుట్టు సరిగ్గ వచ్చిందా?" అంటే, "యాడ వస్తది? ఎన్నేండ్లకు వచ్చె" అన్నది. "మీ అమ్మ కొట్టి నేర్పించిందా?" అన్నాను. ఆమె మాట్లాడలేదు. పీట మీదున్న మన్ను గింత తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నగా మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు వేసింది. చూస్తుండగానే సకినం అయింది. కొడుకు నోరు తెరుచుకుని చూశాడు. వాడు ఆ చుట్ల మీదుగా వేలుపెట్టి తిప్పుతుంటే, బలపం పట్టవలసిన వేళ్లు సరిగ్గా అవేనని ఆమెకు చూపించాను.

ఆమె ఒప్పుకున్నదని చెప్పను. "రేపటి సంది పలక గూడ పెట్టు" అని మాత్రం అని వెళ్లింది. అలాగే పెట్టాను, కాని వరస మార్చాను. ముందు మన్ను, తర్వాత ఇసుకలో వేలుతో, ఆ తర్వాత బలపం. పదిహేనోరోజుకు వాడికి ఏబీసీడీలు రాలేదు. అ ఆ లు కూడా రాలేదు. పలక మీద సున్న, "ర" వచ్చాయి. బలపం మూడువేళ్లతో పట్టటం వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, బియ్యం డబ్బా వెనక్కి పోవటం మానేశాడు. తల్లి కొట్టటం మానేసిందని ఆయమ్మ చెప్పింది. ఇంకో ఏడాది ఈడనే ఉండనీ అన్నదట. నా నివేదికలో ఈ ఆఖరు వాక్యానికి మార్కులు ఉండవు గాని, నాకదే పెద్ద ఫలితం.

మన దేశంలో 1975 అక్టోబరు 2 న 33 బ్లాకులలో మొదలైన అంగన్‌వాడీ పథకంలో, ఆహారంతోపాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా మొదటినుంచీ ఉన్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్లనుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా లెక్కపెట్టి, ఆటతోనే చదువు చెప్పమన్నది. వందేళ్ల కిందటే భావనగరంలో బాలమందిరం నడిపిన గిజుభాయి బధేకా అదే చెప్పాడు. పిల్లల్ని అంతగా ప్రేమించినందుకే ఆయన్ని "మీసాల అమ్మ" అన్నారు. చెప్పినవాళ్లకు కొదవ లేదు. నాలుగేళ్ల పిల్లవాడికి పెన్సిలిచ్చి పరీక్ష పెట్టే మనబోటివాళ్లకే చెవికెక్కలేదు.

మనలో చాలామందిమి రేపు ఉపాధ్యాయులం అవుతాం, ఎల్లుండి తల్లిదండ్రులం అవుతాం. పిల్లల చేతికి పలక ఇవ్వకముందు ఆ చెయ్యి ఒకసారి పట్టుకు చూడండి. పిండి ఇవ్వగలిగిన ఇంట్లో పిండి ఇవ్వండి, లేనిచోట మన్ను ఇవ్వండి. కాని ఏది ఇవ్వాలో ఆ ఇంటివాళ్లను ముందు అడగండి. నేను అడగకుండా ఇచ్చాను. ఒక ముసలమ్మ నాకు దారి చూపకపోతే నా ప్రయోగం మైదాతోనే ముగిసేది.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఆ పిల్లవాడు నన్ను చూసి పారిపోలేదు. ఎదురొచ్చి, "అక్కా, మన్ను తెచ్చినవా?" అని అడిగాడు. ఈసారి తేలేదురా అన్నాను. చెరువు పక్కనే ఉన్నది గదా, నువ్వే పోయి తేవచ్చు గదా అన్నట్టు చూశాడు.

ఇక సెలవు.